రేపల్లె బండి మీద పడ్డ క్షిపణి

ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ అప్పుడప్పుడూ నన్నడుగుతుంటారు, ఇన్నేళ్ల సర్వీసులో మీరు సాధించిందేమిటని. నా వయసు వాళ్లు ప్రమోషన్లు చెబుతారు, శాలువాలు చెబుతారు. పట్టపగలు, పెద్దల సమక్షంలో, రేపల్లె ప్యాసింజరు మీద క్షిపణి పడేయించిన నలుగురిలో నేనొకణ్ణి అని చెబుతాను నేను. విన్నవాళ్లు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు. భయపడకండి. ఆ రైలూ, ఆ క్షిపణీ, వాటి మీది ఆకాశమూ అన్నీ కంప్యూటర్లోవే. నిజంగా పోబోయిన ప్రాణాలు మా నలుగురివే.

యూనిఫాంలో ఇరవై ఏళ్ల పైచిలుకు రాడార్లు బాగుచేసి, నలభై దాటగానే పెన్షను పుచ్చుకుని తెనాలి వచ్చేశాను. రిటైరై వచ్చిన మగాడికి మా ఊళ్లో జరిగే మర్యాద మామిడిపళ్ల కాలం అంత కూడా ఉండదు. మొదట ఊరంతా వచ్చి యుద్ధాల గురించి అడిగారు. నేను చూడని యుద్ధాలు కూడా కళ్లకు కట్టినట్టు చెప్పాను. తర్వాత మా ఆవిడ కరివేపాకు తెమ్మంది. ఆకాశంలో వంద మైళ్ల అవతలి విమానాన్ని పట్టిన కళ్లు, బజార్లో కరివేపాకు ఏదో కొత్తిమీర ఏదో పట్టలేకపోయాయి. ఇక ఇంట్లో ఉంటే పరువు దక్కదని అర్థమైపోయింది.

సరిగ్గా అప్పుడే అంగలకుదురులో ఒక రేకుల షెడ్డులో యుద్ధవిమానాల సిమ్యులేటర్ తయారవుతోందని తెలిసింది. విమానం ఎక్కకుండానే విమానం నడిపినట్టు నేర్పే యంత్రం అన్నమాట. ఓనరు నందివెలుగు మోతుబరి బిడ్డ. చిన్నప్పుడు మందు చల్లే విమానం ఒకటి వాళ్ల చేలమీదుగా పోతే చూసి, ఆ మత్తులోంచి నేటికీ బయటపడని మనిషి. రాడార్లు తెలిసినవాడు కావాలన్నారు. రాడార్లన్నీ నా చేతిలోనే పుట్టాయన్నంతగా చెప్పి చేరిపోయాను.

ఆ యంత్రం గురించి చెప్పాలి. దాని ఫైబరు ఒళ్లు పోసింది మా తెనాలిలో విగ్రహాలు చేసే మేస్త్రి. చేయి చాపిన నాయకుల మధ్య మా విమానం నెలల తరబడి ఆరింది. అంతా పూర్తయ్యాక, చేతి అలవాటు ఎక్కడికి పోతుంది, దండ వేయడానికి ముక్కు మీద ఒక కొక్కెం పెట్టి పంపాడు. పీకితే పగులుతుందని అలాగే ఉంచేశాం. సీటు తుక్కులో కొన్న పాత బస్సుది. దాని వెనక ఎవరో ప్రేమికుడు బాణం గుచ్చిన గుండె బొమ్మ చెక్కి ఉంది. ప్రపంచంలో గుండె, దండ కొక్కెం రెండూ ఉన్న యుద్ధవిమానం మాదొక్కటే.

మేం నలుగురం. ఓనరు, నేను, ఒక అమ్మాయి, ఒక తమ్ముడు. అమ్మాయిది చేబ్రోలు. రాడార్లు, క్షిపణులు, వాటిని ఏమార్చే జామింగు, వీటన్నిటి ప్రోగ్రాము రాసేది ఆవిడే. నేను చెప్పే గొప్పల్లోంచి నిజాన్ని గాలించి తీసే జల్లెడ కూడా ఆవిడే. తమ్ముడిది రేపల్లె. చేపల వ్యాపారం చేసుకునే కుటుంబం. కంప్యూటరు బొమ్మల్లో ఘటికుడు. విమానం కింద కనపడే నేలంతా అతని చేతి పనే. తెనాలి కాలవలు, బాపట్ల జీడితోటలు, నిజాంపట్నం పడవలు, అన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు. పెట్టడమే కాదు, వాటికి ప్రాణం పోశాడు. అదే మా కొంప మీదికి వచ్చింది.

వచ్చిన చిక్కల్లా షెడ్డుతోనే. ఓనరుగారి బావమరిదికి మినుములు నిలవచేసుకోవడానికి చోటు కావాలి. వారానికోసారి వచ్చి, మా విమానం చుట్టూ తిరిగి, టేపుతో కొలుచుకునేవాడు. కొలిచి, నిట్టూర్చి, మా టీ తాగి వెళ్లేవాడు. చివరికి ఒకరోజు గుమ్మం పక్కన మూడు ఖాళీ గోతాలు మడిచి పెట్టి వెళ్లాడు. ఓనరు మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు.

"చూడండి, బాపట్లలో ఇంజనీరింగు కాలేజీ వాళ్లు మన యంత్రం తీసుకుంటామంటున్నారు. తీసుకుంటే షెడ్డు మనది. లేకపోతే మినుములది. అంతేనండి."

"వాళ్లకి నచ్చుతుందో లేదో ఎవరు చెప్తారండి?" అన్నది అమ్మాయి.

"ఒక పెద్దాయన వస్తున్నాడు. యుద్ధవిమానాలు నడిపి రిటైరైనాయన. ఆయన ఊ అంటే కాలేజీ ఊ అంటుంది."

ఆ రాత్రి మా ఆవిడకు ఈ సంగతి చెబితే, కరివేపాకు తేవడం ఈలోగా నేర్చుకుని ఉంచుకోమన్నది.

మీకు రెండు ముక్కలు రాడారు పాఠం చెప్పాలి. చెప్పకపోతే రైలు ఎలా పోయిందో తెలియదు.

రాడారు అంటే చీకట్లో కేకవేసి, ఆ కేక దేనికి తగిలి తిరిగి వచ్చిందో వినే చెవి. కింద నేల, చెట్లు, మేడలు కూడా కేకకు బదులు పలుకుతాయి. ఆ గోలలో విమానాన్ని ఎలా ఏరాలి? వేగాన్ని బట్టి. తనవైపు గానీ, తననుంచి అవతలికి గానీ జోరుగా కదిలేదే శత్రువు. నిదానంగా కదిలేదంతా తాటిచెట్టు కింద లెక్క. అందుకే తెలివైన పైలట్లు క్షిపణి తరుముతుంటే రాడారుకు అడ్డంగా తిరుగుతారు. దగ్గరికీ రారు, దూరమూ పోరు. రాడారు వాళ్లను కూడా తాటిచెట్టే అనుకుని వదిలేస్తుంది. పెళ్లి భోజనాల్లో నానా ప్రశ్నలూ వేసే పెద్దమ్మ ఎదురుపడితే మనం విస్తరి చూసుకుంటున్నట్టు పక్కకి నడిచిపోతామే, అదే విద్య.

ఇక జామింగు. మన పెళ్లిళ్లలో ముహూర్తం వేళకు గట్టిమేళం మోగిస్తారు. ఎందుకు? ఎవరైనా తుమ్మితే వినపడకూడదని. జామింగు అంతకన్నా ఏమీ కాదు. శత్రువు రాడారు చెవిలో గట్టిమేళం పెట్టడం. కానీ తుమ్మినవాడు మన పక్కనే ఉంటే ఎంత మేళం ఉన్నా వినపడుతుంది. అందుకని దగ్గరపడ్డ కొద్దీ జామింగు పనిచేయదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. శుభలేఖ లేని మనిషి కూడా మేళం వినపడ్డ వైపు నడుచుకుంటూ వచ్చేస్తాడు. కొన్ని క్షిపణులు అంతే. జామరు మోతనే పట్టుకుని ఇంట్లోకి వస్తాయి. వినపడకుండా దాక్కోవాలంటే మేళం సరైన వేళకు ఆపాలి కూడా.

ఈ ఉపమానాలు చెప్పింది నేనే. ప్రోగ్రాములో ఎక్కించింది అమ్మాయి. "బాబాయ్ గారూ, మీరు పెళ్లిళ్లకి వెళ్లింది భోజనానికా, పరిశోధనకా?" అనేది.

పరీక్ష రోజు మా యంత్రాన్ని మినీ లారీకెక్కించి బాపట్ల తీసుకెళ్లాం. దారిపొడుగునా జనం, కప్పిన టార్పాలిన్‌లోంచి పొడుచుకొచ్చిన కొక్కెం చూసి, ఏ నాయకుడి విగ్రహమో అనుకుని దణ్ణాలు పెట్టారు. కాలేజీ హాల్లో ఊరు ఊరంతా ఉన్నట్టుంది. పెద్దాయన వచ్చాడు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన తాడిచెట్టులా ఉన్నాడు. మనిషి నవ్వి ఏళ్లయినట్టుంది. సీటు వెనక గుండె బొమ్మను చూశాడు. ముక్కు మీద కొక్కెం చూశాడు. ఎక్కి సీట్లో కూర్చున్నాడు.

శత్రు విమానం నడపడానికి రెండో కంప్యూటరు దగ్గర రేపల్లె తమ్ముడు కూర్చున్నాడు. నేలంతా అతను పరిచిందే గనక ప్రతి కాలవ గట్టూ అతనికి తెలుసు. ఆట మొదలైంది. మా తమ్ముడు గట్టిమేళం మోగించాడు. పెద్దాయన తెరమీద చుక్కలన్నీ కలిసిపోయి తెల్లటి పొగైంది. ఆయన తొణకలేదు. పొగలోకే దూసుకొచ్చాడు. దగ్గరపడేసరికి తుమ్ము వినపడింది. క్షిపణి వదిలాడు. తమ్ముడు ఠక్కున మేళం ఆపేశాడు. నేలబారుగా దిగి, తెనాలి రేపల్లె రైలుకట్ట మీదుగా అడ్డం తిరిగాడు. నేర్పినదంతా నేర్పినట్టు చేశాడు. నా ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది.

క్షిపణి ముక్కులోని రాడారు అతణ్ణి పోగొట్టుకుంది. పోగొట్టుకుని, అటూ ఇటూ వెతికింది. వేమూరు దాటాక రైలుకట్ట మీద ఏదో మహావేగంగా పోతూ కనపడింది. ఆలోచించలేదు. వెళ్లి దాని మీద పడింది.

తెరమీద ఎర్రటి మంట లేచింది. కింద 'లక్ష్యం ధ్వంసం' అని వచ్చింది. శత్రు విమానం మాత్రం కాలవగట్టున హాయిగా పోతోంది.

"ఏంటయ్యా నేను కొట్టింది?" అన్నాడు పెద్దాయన.

రేపల్లె తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"మా బండండి."

"ఏం బండి?"

"రేపల్లె ప్యాసింజరు సార్."

"ప్యాసింజరు రైలును మిస్సైలు ఎట్లా పట్టిందయ్యా? నిదానంగా పోయేవాటిని వదిలేయాలి కదా."

అమ్మాయి అప్పటికే తెరమీద వివరాలు తెరిచింది. తెరిచి, చదివి, తమ్ముడి వైపు చూసిన చూపుకు నేనైతే బూడిదయ్యేవాణ్ణి. రైలు గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన పోతోంది. ఎక్కడా ఆగడం లేదు.

వెనక వరసలో వేమూరు నుంచి రోజూ వచ్చే కుర్రాడు ఒకడు లేచి, "సార్, మా బండి అంత స్పీడుంటే నాకు ఫస్ట్ పీరియడు ఏనాడూ పోయేది కాదు కదండీ," అన్నాడు. హాలు గొల్లుమంది. ఓనరు కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్ల ముందు మినప బస్తాలు వరసగా నడిచి వెళుతున్నట్టు నాకే కనపడింది.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి నన్ను కొట్టండి," అన్నాడు.

అమ్మాయి శత్రు విమానం కంప్యూటరు దగ్గర కూర్చుంది. పెద్దాయన విమానం పైకి లేపుతూ లేపుతూ, "ఏవయ్యా, నీ బండి ఇప్పుడు ఎక్కడుంటుంది?" అనడిగాడు.

"భట్టిప్రోలు దగ్గర పడుతుంటది సార్," అన్నాడు తమ్ముడు. అంత బాధలోనూ టైము తప్పలేదు.

అమ్మాయి కోపమంతా క్షిపణిలో కూరి వదిలింది. పెద్దాయన తాపీగా కిందికి దిగాడు. భట్టిప్రోలు పొలాల మీద రైలుకు కొంచెం పైగా, క్షిపణికి అడ్డంగా తిరిగాడు. క్షిపణి ఆయన్ని వదిలి రైలును కావలించుకుంది. పాపం, ఆ బండి ఒక్కరోజులో రెండోసారి పోయింది. అప్పుడు నవ్వాడండీ పెద్దాయన. బస్సు సీటు కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. ఆ నవ్వుకు ముక్కు మీది కొక్కెం కూడా ఊగింది.

దిగి వచ్చి అమ్మాయి ముందు నిలబడ్డాడు. "ఇట్లాంటివి చాలావాటిల్లో కూర్చున్నానమ్మా. మిస్సైలు తగలాలా వద్దా అని లోపల లాటరీ తీస్తారు. నీది అట్లా కాదు. నిజంగా చూసింది, నిజంగానే మోసపోయింది. నిజం రాడార్లు కూడా రోడ్డు మీద జోరుగా పోయే కార్లని చూసి ఇట్లాగే వెర్రెత్తుతాయి."

మాకు ఊపిరి తిరిగింది. కానీ ఆయన వేలు చూపించాడు, రేపల్లె తమ్ముడి వైపు.

"రాడారు నిజం చెబుతోంది. నీ రైలే అబద్ధం. ఆ అబద్ధం చాటున దాక్కుని నేను గెలిచాను. పిల్లలకి అబద్ధం నేర్పకూడదు. సోమవారం మళ్లీ వస్తా. బండి వేగం దాని వేగానికి తెచ్చిపెట్టు. నేను ఊ అంటాను."

ఇంత తేలికైన షరతు ఎక్కడైనా ఉంటుందా? ఒక అంకె మార్చాలి. అంతే. మా తమ్ముడు లారీ ఎక్కాడు. ఎక్కాక అన్నాడు.

"కావాలంటే రాడార్ని మార్చుకోండి. బండిని ముట్టుకుంటే నేను రేపటినుంచి రాను."

"ఏంటి తమ్ముడూ, చంటిపిల్లాడివా?" అన్నాను.

"మీకు తెలీదండి. మా అమ్మ నిజాంపట్నం చేపలు బుట్టలకెత్తి, రేపల్లెలో బండెక్కి తెనాలి మార్కెట్టుకి తెచ్చేది. నేను బుట్ట పట్టుకుని పక్కన కూర్చునేవాణ్ణి. ఎదురుబండి కోసమని మన బండిని పొలాల్లో ఆపేసేవాళ్లు. ఎండ. బుట్టలో మంచు కరిగిపోయేది. మా అమ్మ మంచు కరిగిపోతోంది, మంచు కరిగిపోతోంది అని ఒకటే కేకలు. ఆ కేకలు నాకిప్పటికీ వినపడతయ్యండి. నా చేతుల్లో ఉన్న ఒక్క బండినైనా ఆగకుండా తోలాలనుకున్నా."

ఆ అంకె అమ్మాయి నిమిషంలో మార్చేయగలదు. కానీ చేయి రాలేదు. తమ్ముడు పోతే మా విమానాల కింద నేలే ఉండదు. బండి మారకపోతే మా నెత్తిన రేకులే ఉండవు.

ఆదివారం నాడు ఓనరు, అమ్మాయి, నేను తమ్ముడి ఇంటికి బయల్దేరాం, బతిమాలుకుందామని. పంతం కొద్దీ ఆ బండే ఎక్కాం. బండి పెనుమర్రు దాటాక పొలాల మధ్య ఆగింది. ఓనరు తల బయటికి పెట్టి, బండిని తానే తోసేలా చూశాడు. అమ్మాయి వేరుశెనక్కాయలు వలిచింది. ఎదురు సీట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఒక పెళ్లి సంబంధం కుదుర్చుకుని, కట్నం మాట వచ్చి చెడగొట్టుకుని, మళ్లీ కలిసి మరమరాలు తిన్నారు. అంతసేపు ఆగింది బండి. నా లెక్క కొంచెం ఎక్కువైతే క్షమించండి. ఆ రోజు గడియారాలు నా వైపు లేవు.

రేపల్లెలో తమ్ముడి అమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. గట్టి మనిషి. పండుగప్ప పులుసు, నెత్తళ్ల వేపుడు, రొయ్యల ఇగురు. అన్నం మీద అన్నం వడ్డిస్తూ, వచ్చిన పనేంటో చెప్పమంది. రైలు కథంతా నేనే చెప్పాను. చెప్పేటప్పుడు మంట ఎత్తు కాస్త పెంచాను. కొడుకు పళ్లెంలోకే చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ గరిటె ఆపింది.

"ఒరే, బండి ఎక్కడా ఆగకుండా తోలావా?"

"ఎక్కడా ఆగదమ్మా. రేపల్లెలో ఎక్కితే తెనాలే."

"నా నోట్లో మట్టి కొట్టావు కదరా. మరి నా బేరం ఏం కాను?"

తమ్ముడు తలెత్తాడు.

"తెనాలి మార్కెట్టులో నా చేపల మొహం చూసేవాడెవడు? అక్కడందరి దగ్గరా చేపలే. బండి పొలంలో ఆగిందనుకో, కూర్చున్నోళ్లకి పొద్దుపోదు. పొద్దుపోకపోతే బుట్టలోకి తొంగిచూస్తారు. తొంగిచూసినోడు కొనకపోతాడా? బండి ఆగిన రోజు సగం బుట్ట అక్కడే అయిపోయేది. జోరుగా పోయిన రోజే నాకు దిగులు."

"మరి మంచు కరిగిపోతోందని ఏడ్చేదానివి కదమ్మా?"

"ఏడ్చానా? అట్లా కేకెయ్యకపోతే చేప తాజాదని ఎవడు నమ్ముతాడురా? మంచు కరిగిపోతుంది, తొందరగా తీసుకోండి అని చెప్పాలిగా." మా వైపు తిరిగింది. "చూడండి నాయనా, ఇన్నేళ్లూ వీడు నా పక్కన కూర్చుని నా బేరం చూసి ఏడుపనుకున్నాడు. వీడు చేపలమ్ముకోలేడని నాకప్పుడే తెలుసు. అందుకే చదివించాను."

అమ్మాయికి పొలమారింది. ఓనరు కళ్లు తుడుచుకున్నాడు, రొయ్యల్లో కారమేనన్నాడు. తమ్ముడు చిన్నగా నవ్వి, ఇంకో ముక్క వేయించుకున్నాడు.

సోమవారం పెద్దాయన వచ్చేసరికి బండి దాని వేగానికి వచ్చింది. ఊరికే రాలేదు. ఎదురుబండి కోసం పొలాల్లో ఆగడం కూడా తమ్ముడు స్వయంగా పెట్టాడు. పెద్దాయన పైకెగిరి, పాత స్నేహం కొద్దీ, వేమూరు దాకా పోయి వెతికాడు. రాడారును ఆ చివరనుంచి ఈ చివరకు తిప్పాడు. ఏమీ దొరకలేదు. దిగి వచ్చి, "ఊ" అన్నాడు. అంత పొడుగు మనిషి, అంత చిన్న మాట. దాంతో మినుములకు వేరే ఇల్లు చూసుకోవలసి వచ్చింది. బావమరిది గోతాలు మాత్రం ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాయి, షెడ్డులో కొత్తగా చేస్తున్న రెండో యంత్రం మీద కప్పుతున్నాం. ముక్కు మీది కొక్కేనికి ఓనరు ఆ రోజే బంతిపూల దండ వేశాడు. మేస్త్రి ముందుచూపు అప్పుడు తెలిసింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాడారుకు చిక్కని వాహనం చేయాలని దేశదేశాల వాళ్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. బాపట్ల వెళ్లి మా యంత్రంలో కూర్చుని చూడండి. మీకు కనపడదు గానీ, మా బండి అక్కడే ఉంటుంది. పెనుమర్రు దాటాక, పొలాల మధ్య, ఏ క్షిపణికీ అందకుండా ఆగి, చేపలమ్ముకుంటూ ఉంటుంది.